బ్లాక్‌బర్న్ కోడి, మన ఎర్ర జెర్సీ



"ఏరా, మాంచెస్టర్‌లో మీ మేనమామ ఏమన్నా ఉన్నాడా?" అని మన పెద్దోళ్లు అడుగుతుంటారు. తమాషాకి అడిగేవాళ్లతో పేచీ లేదు. మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు ఏ తండాకు పోయినా ఇవాళ ఎర్ర జెర్సీ వేసుకున్న కుర్రోడు ఒకడన్నా కనపడతాడు. మూడొందల రూపాయల డూప్లికేట్. ఒరిజినల్ కావాలంటే నాలుగైదు వేలు, అంటే మిరపకోతకు పోయిన మనిషికి పది రోజుల కూలి పైమాటే. అది వేసుకుని వాడు గొర్రెల ఎనకాల పోతుంటే చూసేవాళ్లకి నవ్వు రావడం సహజం.

కానీ సీరియస్‌గా అడిగేవాళ్లూ ఉన్నారు. మన గ్రూపులోనే ఉన్నారు, మనకంటే ముందు చదువుకున్న అన్నలు. "పోడు భూమికి పట్టా లేదు, తండాకు సరైన రోడ్డు లేదు, మీరేమో తెల్లోడి క్లబ్బుకు జై కొడుతూ అర్ధరాత్రి దాకా ఫోన్లు పట్టుకుని కూర్చుంటన్నారు, ఇది బానిసత్వం కాదా" అని. ఆ మాటకు ఎమోజీ పెట్టి తప్పించుకోవడం మర్యాద కాదు. మేం కొందరం కూర్చుని మాట్లాడుకుని, మాకు తోచింది ఇక్కడ రాస్తన్నాం. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ముందు "తెల్లోడి క్లబ్బు" అనే మాట దగ్గర ఆగుదాం. మాంచెస్టర్ యునైటెడ్‌ను 1878లో మొదలుపెట్టింది రైల్వే కూలీలు. అప్పుడు దాని పేరు న్యూటన్ హీత్. ఆర్సెనల్‌ను 1886లో మొదలుపెట్టింది వూలిచ్ ఆయుధాల కార్ఖానాలో పనిచేసే కార్మికులు. అందుకే వాళ్ల బ్యాడ్జి మీద ఇప్పటికీ ఫిరంగి ఉంటది. వెస్ట్‌హామ్ ఓడలు కట్టే కార్ఖానా జట్టు. శనివారం మధ్యాహ్నం షిఫ్టు అయిపోయాక ఒంటికి మసితోనే గ్రౌండుకు పోయిన మనుషుల ఆట అది. దొరల పిల్లలు ఆడుకునే ఫుట్‌బాల్‌ను కూలోళ్లు లాక్కున్న కథ కూడా ఉంది. 1883 ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో ఈటన్ అనే పెద్ద దొరల బడిలో చదివినవాళ్ల జట్టును బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే జట్టు 2-1తో ఓడించింది. బ్లాక్‌బర్న్ నూలు మిల్లుల ఊరు. ఆ జట్టులో ఆడినవాళ్లలో మగ్గాల మీద పనిచేసేవాళ్లు ఉన్నారు. కప్పు కార్మికుల చేతికి రావడం అదే మొదలు.

ఈ బ్లాక్‌బర్న్ ఊరిని గుర్తు పెట్టుకోండి. అసలు కథ ఆ ఊరి చుట్టూనే.

పత్తి అంటే మనకు కొత్త కాదు. వినుకొండ నుంచి గురజాల దాకా పత్తి తీసే చేతులు ఎవరివో ఈ గ్రూపులో చెప్పక్కర్లేదు. ఆ పత్తిని నూలు చేసి, గుడ్డ నేసి, తిరిగి మన దేశానికే అమ్మిన మిల్లులు లాంకషైర్‌వి. 1931లో గాంధీ రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ పోయినప్పుడు, విదేశీ గుడ్డ బహిష్కరణ వల్ల పని పోయిన మిల్లు కార్మికులను చూడాలని బ్లాక్‌బర్న్ పక్కనే ఉన్న డార్వెన్‌కు పోయాడు. తిడతారనుకుంటే వాళ్లు ఆయన చుట్టూ చేరి నవ్వుతూ ఫొటోలు దిగారు. ఆ ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. కూలోడి బాధ కూలోడికి తెలుస్తది, అంతే. కాబట్టి ఆ ఊరి క్లబ్బు తెల్లోడిది అని కొట్టేసేముందు, ఏ తెల్లోడిది అని అడగాలి గదా.

ఇక అభిమానం సంగతి. మేం ఆర్సెనల్, యునైటెడ్, లివర్‌పూల్, చెల్సీ అన్నీ కలిసిన గుంపు. ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటని తమ్ముడు యునైటెడ్ అభిమాని అయితే వాడి బతుకు ఎట్టా ఉంటదో చూడండి. ఆ క్లబ్బు చివరిసారి లీగ్ గెలిచింది 2013లో, ఫెర్గూసన్ దిగిపోయిన ఏడాది. అప్పటికి వీడు ఒకటో తరగతో, రెండో తరగతో. అంటే వాడు జై కొట్టడం మొదలెట్టిన నాటి నుంచి ఆ సంబరం చూడనే లేదు. 2024-25లో అయితే 15వ స్థానం, పైగా యూరోపా ఫైనల్లో టాటెన్‌హామ్ చేతిలో 1-0 ఓటమి. ఆర్సెనల్ వాడి బాధ ఇంకో రకం. 2004లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా లీగ్ గెలిచారని వాళ్ల అన్నలు కథలు చెప్తారు, వీడు కళ్లారా చూసిందేమో 2023, 2024, 2025 వరసగా మూడేళ్లు రెండో స్థానం. గోడ దాకా వచ్చి గడప దాటని పెళ్లి సంబంధం లాగా.

అయినా వదలరు. ఎందుకు వదలరు అంటే మాకు తెలిసిన జవాబు ఒకటే. గెలిచే జట్టును ఎంచుకుని జై కొట్టేవాడిని మన తండాల్లో కూడా ఎవరూ నమ్మరు. ఎలక్షన్లప్పుడు జెండా మార్చేవాళ్లను మనం ఏమంటామో తెలుసు గదా. పల్నాడు మట్టిలోనే ఉంది ఇది: పట్టుకున్న పక్షం వదలకపోవడం. మంచికీ, చెడుకీ కూడా. ఆ పట్టుదల వల్ల ఎన్ని ఊళ్లు రెండుగా చీలాయో, ఎంతమంది కేసుల్లో ఇరుక్కున్నారో మనకు తెలుసు. ఫుట్‌బాల్ పట్టుదలలో ఆ ప్రమాదం లేదు. యునైటెడ్ వాడూ లివర్‌పూల్ వాడూ తిట్టుకుంటూనే ఒకే ఫోన్లో మ్యాచ్ చూసి, ఒకే దుప్పటి కప్పుకుని పడుకుంటారు. హాస్టల్లో అది మామూలు.

టైము సంగతి మాత్రం అన్నలు అన్నది నిజమే. చలికాలంలో అక్కడ సాయంత్రం ఐదున్నర మ్యాచ్ మనకు రాత్రి పదకొండు. ఛాంపియన్స్ లీగ్ అయితే ఒంటిగంటన్నరకు మొదలైతది, మూడున్నరకు అయిపోతది. తెల్లారి క్లాసులో తల వాలిపోతది. దీనికి మా దగ్గర సమర్థింపు లేదు, ఇంటర్ పరీక్షలున్న తమ్ముళ్లు మాత్రం తెల్లారి హైలైట్స్ చూసుకోండి, కొంపలేం మునగవు. ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం మూడు గంటల మ్యాచ్‌లు అక్కడి టీవీల్లో రావు. గ్రౌండుకు జనం తగ్గిపోతారని చాన్నాళ్ల కింద పెట్టుకున్న కట్టుబాటు అది. అంటే క్లబ్బు పక్క వీధిలో ఉండి టికెట్ కొనలేని ముసలాయనకు కనపడని మ్యాచ్, రాత్రి ఎనిమిదిన్నరకు దుర్గి తండాలో మన ఫోన్లో కనపడతది. దగ్గరితనం అంటే ఏంది, దూరం అంటే ఏంది అని ఆలోచించాల్సిన విషయమే.

దూరం గురించి ఇంకా గట్టిగా చెప్పే కథ బ్లాక్‌బర్న్ రోవర్స్‌ది. మన హాస్టల్ మెనూతో కూడా దానికి సంబంధం ఉంది, ఆశ్చర్యపోకండి.

హాస్టల్లో, బడిలో మనం తిన్న గుడ్డు గుర్తుందా? రోజూ పేపర్లో గుడ్డు ధర అని ఎన్‌ఈసీసీ పేరుతో వస్తది. నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ. గుడ్డు రేటు దళారుల చేతిలో ఉండకూడదు, పెంచే రైతే చెప్పాలి అని 1982లో దాన్ని నిలబెట్టినాయన బి.వి.రావు. తెలుగు మనిషి. 1971లో వెంకటేశ్వర హ్యాచరీస్ పెట్టి, దేశంలో కోళ్ల పెంపకాన్ని ఇంటి వెనక గంప నుంచి పెద్ద పరిశ్రమగా మార్చినవాళ్లలో ముందు నిలిచే పేరు ఆయనది. 1996లో చనిపోయాడు. ఆయన పిల్లలు అనురాధా దేశాయ్, వెంకటేశ్ రావు, బాలాజీ రావు. కంపెనీ ఇప్పుడు పూణెలో ఉంది, వెంకీస్ చికెన్ అంటే అందరికీ తెలుసు. 2010 నవంబర్‌లో ఈ వెంకీస్ వాళ్లు 23 మిలియన్ పౌండ్లు పెట్టి బ్లాక్‌బర్న్ రోవర్స్ క్లబ్బును కొన్నారు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ క్లబ్బు ఒకటి మన దేశపు కంపెనీ చేతికి రావడం అదే మొదలు.

రోవర్స్ అంటే చిన్నాచితకా క్లబ్బు కాదు. 1875లో పుట్టింది. 1888లో ఫుట్‌బాల్ లీగ్ మొదలైనప్పుడు ఉన్న 12 జట్లలో ఒకటి. 1884, 85, 86 వరసగా మూడేళ్లు ఎఫ్‌ఏ కప్ కొట్టింది. తర్వాత మిల్లులు మూతపడ్డాయి, ఊరు చిక్కిపోయింది, క్లబ్బూ కింది డివిజన్‌కు పోయింది. 1991లో జాక్ వాకర్ అని ఆ ఊరివాడే, ఉక్కు వ్యాపారంలో బాగా సంపాదించినాయన, చిన్నప్పటి నుంచి రోవర్స్ అభిమాని, క్లబ్బును చేతిలోకి తీసుకుని డబ్బు కుమ్మరించాడు. కెన్నీ డాల్‌గ్లిష్ మేనేజర్‌గా వచ్చాడు. 1994-95లో అలన్ షియరర్ 34 గోల్స్ కొట్టాడు. ఆఖరి రోజు లివర్‌పూల్‌లో 2-1తో ఓడిపోయారు, అయితే అదే సమయానికి వెస్ట్‌హామ్ దగ్గర యునైటెడ్ 1-1 దగ్గరే ఆగిపోవడంతో టైటిల్ వీళ్లకే వచ్చింది. లక్ష పైచిలుకు జనాభా ఉన్న ఊరు ఇంగ్లండ్ ఛాంపియన్ అయింది. మన నరసరావుపేట అంత ఊరనుకోండి.

వాకర్ 2000లో పోయాడు. పదేళ్ల తర్వాత వెంకీస్ వచ్చారు. వస్తూనే నెల తిరక్కుండా శామ్ అలార్డైస్ అనే అనుభవం ఉన్న మేనేజర్‌ను పీకేశారు. ఆయన పోయేనాటికి జట్టు మరీ అడుగున కూడా లేదు. స్టీవ్ కీన్‌కు పగ్గాలిచ్చారు. రొనాల్డినో వస్తాడు, ఇంకెవరో వస్తారు అని పేపర్లలో వార్తలు. వచ్చింది మాత్రం చికెన్ యాడ్: ఆటగాళ్లు డ్రెస్సింగ్ రూములో కూర్చుని కోడి ముక్కలు తింటున్న ప్రకటన. 2012 మే 7న విగాన్ చేతిలో ఓడి రోవర్స్ ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి పడిపోయిన రోజు, అభిమానులు క్లబ్బు జెండా కప్పిన ఒక నిజం కోడిని గ్రౌండులోకి వదిలారు. ఆటగాళ్లు, సెక్యూరిటీ దాని ఎనక పరిగెత్తారు. ప్రపంచమంతా నవ్వింది.

మనం పల్నాటోళ్లం, కోడి వల్ల రాజ్యం పోయిన కథ మనకు ఉగ్గుపాలతో పెట్టారు. బ్రహ్మనాయుడి కోడి ఓడిపోయి మాచర్ల వాళ్లు అడవులకు పోయారు. పందెం వేసింది పెద్దలు, ఊరు వదిలింది జనం. బ్లాక్‌బర్న్‌లో జరిగింది చదువుతుంటే మాకు అదే గుర్తొచ్చింది.

తర్వాత 2012-13 ఒక్క సీజన్లో హెన్నింగ్ బెర్గ్ 57 రోజులు, మైకేల్ ఆపిల్టన్ 67 రోజులు మేనేజర్లుగా ఉండి పోయారు. మన హాస్టళ్లలో వార్డెన్లు కూడా అంతకంటే ఎక్కువ రోజులు ఉంటారు. 2017లో మూడో డివిజన్‌కు పడ్డారు. ఛాంపియన్ అయిన 22 ఏళ్లకు అక్కడ. టోనీ మౌబ్రే వచ్చి ఏడాదిలో మళ్లీ రెండో డివిజన్‌కు తెచ్చాడు, అక్కడే ఉండిపోయారు. 2024-25లో ఏడో స్థానం, ప్లేఆఫ్‌కు ఒక్క మెట్టు కింద.

ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. వెంకీస్ వాళ్లు దోచుకుపోయారు అనడానికి లేదు. ఇన్నేళ్లలో 200 మిలియన్ పౌండ్లకు పైగా సొంత డబ్బు పోశారని లెక్కలు చెప్తున్నాయి. వాళ్లు చెయ్యి తీసేస్తే క్లబ్బు ఎప్పుడో దివాలా తీసేది. తర్వాత ఇక్కడ మన దేశంలో వాళ్ల మీద ఈడీ విచారణ నడిచి, క్లబ్బుకు డబ్బు పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఎవుడ్ పార్క్‌లో కూర్చున్న ముసలాయన తన జట్టుకు స్ట్రైకర్ వస్తాడా రాడా అని ఢిల్లీ కోర్టు వాయిదాల వైపు చూడటం! మనకు కోర్టు వాయిదాలు అలవాటే, పాపం ఆయనకు కొత్త. అయితే ఆయన అసలు కోపం డబ్బు గురించి కాదు. ఓనర్లు ఏళ్ల తరబడి ఆ ఊరికి రారు, మాట్లాడరు, అడిగినదానికి జవాబు చెప్పరు. పోయడం ఒకటి, పలకడం ఒకటి.

2025 మేలో ఇంకో దెబ్బ. రోవర్స్ మహిళల జట్టు రెండో డివిజన్‌లో ఉండేది. లీగ్ పెట్టిన ఖర్చుల షరతులు భరించలేమని క్లబ్బు వాళ్లు తప్పుకుని కింది డివిజన్‌కు దింపేశారు. ఇంగ్లండ్ తరఫున యూరో కప్పు గెలిచిన కీరా వాల్ష్, జార్జియా స్టాన్‌వే, ఎల్లా టూన్ చిన్నప్పుడు ఆట నేర్చింది ఈ క్లబ్బులోనే. మగాళ్ల జట్టు కోసం కోట్లు పోసి, ఆడపిల్లల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి బిగించడం పూణె అయినా బ్లాక్‌బర్న్ అయినా మన మండలం అయినా ఒకటే. ఆ క్లబ్బు 150 ఏళ్ల పండగ, వెంకీస్ కొని 15 ఏళ్లు నిండటం రెండూ 2025 నవంబర్‌లోనే వచ్చాయి. ఆ ఊళ్లో ఎవరికి పండగ, ఎవరికి తద్దినం అనేది ఊహించుకోండి.

ఇప్పుడు అన్నల ప్రశ్నకు వద్దాం. "తెల్లోడికి బానిసత్వం" అన్నారు. బ్లాక్‌బర్న్‌లో తెల్లోడు అభిమాని, ఓనరు మన తెలుగు కుటుంబం. అక్కడ ఎవరు ఎవరికి బానిస? చర్మం రంగు చూసి తేలే లెక్క కాదిది. ప్రాణం పెట్టేవాడు ఒకడు, నిర్ణయం తీసుకునేవాడు ఇంకొకడు, ఇద్దరి మధ్యా మాట లేదు, ఇదీ అక్కడి గొడవ. ఇది మనకు బాగా తెలిసిన గొడవ. ప్రాజెక్టు కింద తండా మునిగినా, గ్రామసభ పెట్టకుండా గనికి అనుమతి ఇచ్చినా మన గొడవ ఇదే.

"సరే, అయితే మనదే ఒక క్లబ్బుకు జై కొట్టండి" అంటారు. కొట్టాం అన్నా. హైదరాబాద్ ఎఫ్‌సీ. 2019లో వచ్చింది, పసుపు జెర్సీ, గచ్చిబౌలి బాలయోగి స్టేడియం. మానోలో మార్కెజ్ అనే స్పెయిన్ ఆయన కోచ్. 2021-22లో ఒగ్బెచె 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు తెచ్చారు. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ రాత్రి మాలో కొందరం నిద్రపోలేదు, తెలుగు నేల మీద క్లబ్బు దేశానికి ఛాంపియన్! రెండేళ్లు తిరిగేసరికి ఆటగాళ్లకు జీతాలు లేవు, విదేశీ ఆటగాళ్లు సర్దుకుపోయారు, కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం, 2023-24లో అట్టడుగు స్థానం. ఓనర్లు మారారు. 2025లో క్లబ్బునే ఢిల్లీకి ఎత్తుకుపోయి పేరు మార్చేశారు. అభిమానులను ఎవరూ ఒక్క మాట అడగలేదు. దుకాణం షట్టరు దించి ఇంకో వీధిలో తెరిచినట్టు. నిజానికి అది పుట్టింది కూడా అట్టాగే, పూణె క్లబ్బు మూతపడితే దాని జాగాలో వచ్చింది. అప్పుడు పూణె కుర్రోళ్ల ఏడుపు మనకు వినపడలేదు.

బ్లాక్‌బర్న్ వాడు ఎంత తిట్టుకున్నా, శనివారం పోయి కూర్చోడానికి వాడికి ఎవుడ్ పార్క్ ఉంది. మనకు అది కూడా మిగల్లేదు. ఇంకా బాధ ఏందంటే హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్త కాదు. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్లు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తయారుచేసిన రహీం సాబ్ కోచ్‌గా భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారం. ఆ సంపద అంతా ఏమైందో అడిగే గుంపు లేకపోయింది.

అడిగే గుంపు అన్నాం గదా. ఇంగ్లండ్ అభిమానుల దగ్గర మనం నేర్చుకోవాల్సింది జెర్సీ రంగు కంటే ఇదే అని మా ఉద్దేశం. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ ఓనర్లు ఒక టికెట్ రేటు 77 పౌండ్లు చేస్తామన్నారు. సండర్లాండ్ మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషానికి పది వేల మంది దాకా లేచి బయటికి పోయారు. కొద్ది రోజుల్లోనే ఓనర్లు రేటు వెనక్కి తీసుకున్నారు. 2021 ఏప్రిల్ 18న ఆరు ఇంగ్లండ్ క్లబ్బులు ఇంకో ఆరు యూరప్ క్లబ్బులతో కలిసి పెద్దోళ్ల కోసమే సూపర్ లీగ్ పెడతామని ప్రకటిస్తే, అభిమానులు వీధుల్లోకి వచ్చారు. రెండు రోజుల్లో ఆరుగురూ తప్పుకున్నారు. మే 2న యునైటెడ్ అభిమానులు ఓల్డ్ ట్రాఫోర్డ్ లోపలికే పోయి లివర్‌పూల్‌తో మ్యాచ్ ఆపేశారు. ఇవన్నీ పోగై, 2025 జూలైలో అక్కడ ఫుట్‌బాల్ పాలన మీద ఏకంగా చట్టం వచ్చింది. క్లబ్బును ఎవరు కొనొచ్చు, గ్రౌండు అమ్మాలన్నా క్లబ్బు రంగులు మార్చాలన్నా ఎవరిని అడగాలి అని చూసే సంస్థ ఒకటి ఏర్పడింది. యునైటెడ్‌ను గ్లేజర్లు అప్పు చేసి కొని ఆ అప్పు క్లబ్బు నెత్తినే పెట్టారని కోపం వచ్చినవాళ్లు 2005లోనే విడిపోయి ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అని సొంత క్లబ్బు పెట్టుకున్నారు. ఒక్కో సభ్యుడికి ఒక్కో ఓటు. చిన్న క్లబ్బే, కింది డివిజన్లలో ఆడతది, అయినా ఓనర్లు వాళ్లే.

మాంచెస్టర్ క్లబ్బుకు జై కొట్టే మన తమ్ముడికి షియరర్ గోల్స్ లెక్క తెలుసు, ఎంబాపె జీతం తెలుసు. 77వ నిమిషం సంగతి తెలియదు. అది మన లోటు. అభిమానం పూర్తిగా నేర్చుకుంటే దాంట్లో అడగటం కూడా ఉంటది. గ్రౌండులో అరవడం వచ్చినవాడికి గ్రామసభలో లేచి నిలబడటం అంత కష్టం కాదు. లేదా మాకు అట్టా అనిపిస్తది.

ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. మన కుర్రోళ్లలో కొందరు క్లబ్బు ప్రేమ అని మొదలుపెట్టి బెట్టింగ్‌లో తేలారు. ఫాంటసీ టీము 49 రూపాయలతో మొదలు, తర్వాత అప్పు, తర్వాత ఇంట్లో గొర్రెపిల్ల మాయం. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. దొంగ యాప్‌లు ఇంకా నడుస్తానే ఉన్నాయి. ప్రీమియర్ లీగ్ క్లబ్బులు సైతం 2026-27 నుంచి జెర్సీ ముందు భాగంలో జూదం కంపెనీల పేర్లు తీసేస్తామని ఒప్పుకున్నాయి. ఇన్నాళ్లూ మన డూప్లికేట్ జెర్సీల మీద కూడా ఆ పేర్లే అచ్చేసి ఉన్నాయి. మనం డబ్బులిచ్చి వాళ్ల బోర్డు మోసాం, ఉచితంగా.

ఇంక గుగులోత్ సౌమ్య. ఈ పేరు తెలియని వాళ్లు ఈ గ్రూపులో ఇంకా ఉంటే మొదట మనం సిగ్గుపడాలి. నిజామాబాద్ బంజారా బిడ్డ. పరుగు పందేల్లో ఉన్న అమ్మాయి ఫుట్‌బాల్‌కు మారి భారత జట్టు దాకా పోయింది. 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడింది. 2024-25లో ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, ఆ జట్టు మహిళల లీగ్ గెలుచుకునే మ్యాచ్‌లో గోల్ కొట్టింది. ఆ ఏడాది దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఫెడరేషన్ ఆమెనే ఎంపిక చేసింది. 2025 జూలైలో థాయిలాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి మన అమ్మాయిలు ఏషియన్ కప్‌కు అర్హత సాధించారు. మన తమ్ముళ్ల ఫోన్లలో వాల్‌పేపర్లు చూడండి: రొనాల్డో, మెస్సీ, సాకా. సౌమ్య ఫొటో ఒక్కరి దగ్గర లేదు. సాకాను తీసేయమని మేం అనడం లేదు. పక్కన ఇంకో ఫొటోకు చోటు ఉంది గదా అంటన్నాం.

మా చెల్లెళ్లలో ఒకామె అడిగింది, "అన్నా, సౌమ్య లాగా ఆడాలంటే ఎక్కడ ఆడాలి?" అని. జవాబు లేదు. బంతి 500 రూపాయలకు వస్తది, నేల రాదు. హాస్టల్ ఆవరణలో ఉన్న కాస్త జాగాలో వాలీబాల్ నెట్టు, అది అబ్బాయిలది. తండా పక్కన బీడు ఉంటే ఒక ఏడాది కంచె పడతది, ఇంకో ఏడాది ఎవరిదో పేరు మీద కాగితం పుడతది.

కాబట్టి అన్నలూ, మమ్మల్ని ఆర్సెనల్ మానేయమని చెప్పకండి, మానం. దానికి బదులు ఒక పని సాయం చేయండి. మీలో సర్వేయర్లుగా, పంచాయతీ సెక్రటరీలుగా, సచివాలయంలో పనిచేస్తున్నవాళ్లు ఉన్నారు. మీ మీ తండాల దగ్గర ఆటస్థలానికి పనికొచ్చే ప్రభుత్వ భూమి ఎంత ఉంది, ఏ సర్వే నంబరు, ఎవరి స్వాధీనంలో ఉంది అనేది రికార్డు చూసి చెప్పండి. ఫుట్‌బాల్ గ్రౌండుకు నూరు మీటర్ల పొడవు, అరవై, డెబ్భై మీటర్ల వెడల్పు, అంటే ఎకరంన్నర పైచిలుకు కావాలి. అంత లేకపోతే అరెకరంలో ఏడుగురు ఏడుగురు ఆడొచ్చు. తమ్ముళ్లు తుమ్మచెట్లు కొడతారు, రాళ్లు ఏరతారు, ఆ పని మనకు చిన్నప్పటి నుంచీ అలవాటే. వచ్చే గ్రామసభలో ఆ నంబరు చదివి, ఇది ఆటస్థలంగా రాయాలి అని అర్జీ పెడదాం. సంతకాల్లో అమ్మాయిల సంతకాలు ముందు ఉండాలి. గోల్‌పోస్టులకు సరుగుడు కర్రలు ఇస్తామని ఇప్పటికే ఇద్దరు అన్నారు. బొల్లాపల్లి, వెల్దుర్తి, దుర్గి, రెంటచింతల వాళ్లు ముందు చెప్పండి, మిగతా మండలాలది తర్వాత చూద్దాం.